వన్యప్రాణుల కుంటకు మట్టికట్ట: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉదయగిరి వైపు వెలికొండల దిగువన, మా మెట్టపొలంలో పారే వంకకు మట్టికట్ట వేసి కుంట చేశాం. అది పంట కోసం కాదు. పక్షుల కోసం, కుందేళ్ళ కోసం, ఎండాకాలంలో నీళ్ళు వెతుక్కుంటూ కొండ దిగే జంతువుల కోసం. మొదటి కట్ట తెగిపోయింది. రెండోది నిలబడింది. చూడటానికి మర్రిపాడు, పామూరు, కనిగిరి వైపుల నుంచి వచ్చేవారు దాదాపు ఒకే రకం సందేహాలు అడుగుతున్నారు. వాటిని పని జరిగే వరుసలో ఇక్కడ పెట్టాను. కొలతలన్నీ పది అడుగుల ఎత్తుకు మించని కట్టలకు మాత్రమే. అంతకంటే ఎత్తు కావాలంటే నీటిపారుదల పనులు తెలిసిన ఇంజనీరు వచ్చి నేల చూడనిదే పలుగు దించకండి.

## తవ్వకానికి ముందు

మా పొలంలోనే వంక పారుతోంది. అడ్డంగా కట్ట వేసుకోవచ్చా?

వంక మీ పొలం మధ్య నుంచి పోతున్నంత మాత్రాన అది మీదని కాదు. రెవెన్యూ రికార్డులో ఆ దారి వాగు పోరంబోకు లేదా వంక పోరంబోకు అని ఉంటే అది ప్రభుత్వ భూమి. అనుమతి లేకుండా మట్టి వేయకూడదు. ముందు సర్వేయరుతో హద్దులు చూపించుకుని, తహసీల్దారు కార్యాలయంలోనూ జలవనరుల శాఖలోనూ అడగండి. అడవి హద్దు దగ్గరైతే అటవీ శాఖను కూడా అడగాలి. ఇక కాగితాల్లో కనిపించనిది ఇంకొకటి ఉంది. ఆ వంక దిగువన ఏ చెరువును నింపుతోందో, దాని కింద ఎవరి పొలాలు తడుస్తున్నాయో తెలుసుకోవాలి. నేను కట్ట వేయకముందే దిగువ రైతులను పిలిచి, నీళ్ళు ఏ మట్టం దాకా నిలుస్తాయో, ఆపైన ఎటు పోతాయో కర్రలు పాతి చూపించాను. ఎగువ పొలం వారికి కూడా, తమ గట్టు మునగదని కళ్ళారా చూపించాలి. నీళ్ళ తగాదా మొదలైతే కట్టకు రాత్రికి రాత్రే గండి పడుతుంది.

గుంత తవ్వి ప్లాస్టిక్ షీటు పరిస్తే తక్కువ ఖర్చు కదా? మట్టికట్టే ఎందుకు?

పంటకు నీళ్ళు దాచుకోవడానికి షీటు బాగానే పనికొస్తుంది. జంతువులకు మాత్రం అది ఉరి. నిటారు గోడలు, పైన జారే షీటు: తాగడానికి వంగిన కుందేలో నక్కపిల్లో పడితే కాలు పట్టు దొరక్క ఈది ఈది చచ్చిపోతుంది. పైగా షీటు మీద బురద ఉండదు, బురద లేకపోతే నత్తలూ పురుగులూ ఉండవు, అవి లేకపోతే కొంగ దిగదు. ఇప్పటికే షీటు గుంత ఉన్నవారు ఒక మూల రాళ్ళతో వాలుగా దారి వేయండి, లేదా ముతక తాళ్ళ వల అంచు నుంచి నీళ్ళలోకి వేలాడదీయండి. ఇది ఈ వారమే చేయాల్సిన పని.

ఎంత లోతు ఉంటే మే నెల దాకా నీళ్ళు నిలుస్తాయి?

మన వైపు నడి వేసవిలో ఎండకే రోజుకు ఆరు నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుంది. జనవరి నుంచి జూన్ వరకు కలిపితే మూడున్నర అడుగుల దాకా పోయినట్టే. నేలలోకి ఇంకేది దీనికి అదనం. అందుకే కుంటలో ఒకచోటైనా ఏడెనిమిది అడుగుల లోతు ఉండాలి. మిగతాదంతా లోతుగా తవ్వక్కర్లేదు, తవ్వకూడదు కూడా. లోతు గుంతను కట్ట పాదానికి కనీసం ముప్పై అడుగుల అవతల తవ్వి ఆ మట్టినే కట్టకు వాడుకుంటే రెండు పనులూ కలిసివస్తాయి. కొన్ని ఏళ్ళలో జూన్‌కు కుంట పూర్తిగా ఎండిపోతుంది. అలా ఎండి పగిలిన బురదలో కప్పలు, నత్తలు నిద్రపోతూ వానకు మళ్ళీ లేస్తాయి. దిగులుపడి బోరునీళ్ళు పోయకండి.

మా మట్టి కట్టకు పనికొస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

చెమ్మగా ఉన్న మట్టిని అరచేతుల మధ్య నలిపి పెన్సిలంత తాడు చేయండి. విరగకుండా నిలిస్తే అందులో బంక ఉన్నట్టు. పొడిగా రాలిపోతే ఇసుక ఎక్కువ. తర్వాత ఎండిన మట్టిబెడ్డ ఒకటి గాజుగ్లాసులో వాననీళ్ళలో వేసి కదపకుండా వదలండి. బెడ్డ విడిపోయి అడుగున కుప్పగా కూర్చుంటే ఫరవాలేదు. చుట్టూ పాలలాంటి మబ్బు లేచి గంటైనా తేటపడకపోతే అది నీళ్ళలో కరిగిపోయే మట్టి. దానితో వేసిన కట్ట లోపలినుంచే కొట్టుకుపోతుంది. సవుడు నేలల్లో ఇది తరచుగా కనిపిస్తుంది. బంక ఉన్న ఎర్రమట్టి మనకు దొరికే వాటిలో శ్రేష్ఠం. నల్లరేగడి నీటిని బాగా ఆపుతుంది కానీ ఎండకు నెర్రెలు విచ్చుతుంది. దాన్ని కట్ట నడిమిలో పెట్టి పైన అడుగు మందాన ఎర్రమట్టి గాని గరప గాని కప్పాలి.

పక్కనున్న కడప జిల్లాలో పోరుమామిళ్ళ చెరువు శాసనం ఉంది, 1369 నాటిది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల ఆ దోషాల్లో ఉన్నాయి. ఆరున్నర శతాబ్దాలు గడిచినా గ్లాసులో మట్టిబెడ్డ చెప్పేది అదే.

## కట్ట వేసేటప్పుడు

కట్ట కొలతలు ఎలా ఉండాలి? ఎంత మట్టి పడుతుంది?

పది అడుగుల ఎత్తు కట్టకు పైన పది అడుగుల వెడల్పు, నీటి వైపు ఒక అడుగు ఎత్తుకు మూడు అడుగుల వాలు, బయటి వైపు ఒకటికి రెండు. అంటే అడుగున అరవై అడుగుల వెడల్పు. చాలామంది ఈ అంకె విని వెనక్కి తగ్గుతారు, నిటారుగా వేసి మట్టి మిగుల్చుకోవాలని చూస్తారు. ఆ మిగులు మొదటి నవంబరులోనే జారిపోతుంది.

మట్టి లెక్క ఇలా కట్టండి. పూర్తి ఎత్తున్న చోట కట్ట అడ్డుకోత 350 చదరపు అడుగులు. రెండు వందల అడుగుల పొడవంతా అదే ఎత్తుంటే 70,000 ఘనపుటడుగులు, అంటే 700 యూనిట్లు. కానీ వంక నడుమే పది అడుగులు, అంచులకు పోయేకొద్దీ కట్ట తగ్గుతుంది. మాకు ఇందులో సగం కంటే తక్కువే పట్టింది. ట్రాక్టరు తెచ్చే వదులుమట్టి తొక్కితే కుదించుకుపోతుంది కాబట్టి వచ్చిన లెక్కకు నాలుగో వంతు కలపండి. తొక్కించిన తర్వాత కూడా కట్ట ఒకటి రెండేళ్ళు కుంగుతుంది. అందుకే నడుమ అర అడుగు నుంచి అడుగు దాకా ఎక్కువ ఎత్తు వేసి ఉంచాలి.

కలుజు నిజంగా అవసరమా? మా వంకలో ఏడాదికి పది రోజులే నీళ్ళు పారతాయి.

ఆ పది రోజుల కోసమే కలుజు. కొన్నిచోట్ల అలుగు అంటారు. నిండిన తర్వాత మిగులు నీరు పొర్లిపోవడానికి, కట్టకు పక్కన, కదలని గట్టి నేలలో పెట్టే దారి అది. మట్టికట్ట ఎంత నీటినైనా మోస్తుంది కానీ తన మీదుగా పారే నీటిని మాత్రం ఓర్చుకోదు. ఒక్కచోట పైనుంచి పొర్లడం మొదలైతే బయటి వాలు కోసుకుపోయి, చూస్తుండగానే గండి పడుతుంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకు తెగి, దిగువ ఊళ్ళు కొట్టుకుపోయాయి, ఎందరో చనిపోయారు. మన కుంట దాని ముందు చిటికెడు. అయినా నీటి స్వభావం ఒకటే.

నెల్లూరు జిల్లా వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే, అదీ వాయుగుండాలతో కుండపోతగా పడుతుంది. కాబట్టి ఏడాది సగటు చూసి కలుజు పెట్టకూడదు. అతి గట్టిగా వాన పడే గంట ఏదో దాన్ని చూసి పెట్టాలి. మా కుంటకు యాభై ఎకరాల వాలు నుంచి నీరు వస్తుంది. గంటకు వంద మిల్లీమీటర్ల వాన పడి, అందులో సగం పారివచ్చిందనుకుంటే సెకనుకు సుమారు 2,800 లీటర్లు. అది కలుజు మీద అడుగు లోతుకు మించకుండా పోవాలంటే కలుజు పది మీటర్లు, అంటే ముప్పైమూడు అడుగుల వెడల్పు ఉండాలి. ఆరడుగుల కాలువ చాలనుకున్నవాణ్ణి నేను. ఈ లెక్క కాగితం మీద చూసిన రోజున, మొదటి కట్ట తెగకపోయినా ఎప్పటికైనా పోయేదేనని అర్థమైంది.

కలుజు మట్టానికి కట్ట తలకు మధ్య కనీసం మూడు అడుగుల తేడా ఉంచండి: ఒక అడుగు పారే నీటికి, రెండు అడుగులు అలలకు, కుంగుడుకు. కలుజు నేలను సమంగా చదును చేసి గరిక నాటండి, దిగే చోట రాళ్ళు పరవండి. చేపలు పోతున్నాయని వల, కంప అడ్డం పెట్టేవారున్నారు. చెత్త పేరుకుని అదే గోడైపోతుంది. మా దగ్గర చెరువు నీరు కట్టే పెద్దాయన ఒకరు కట్ట చూడటానికి వస్తే కట్ట వైపే చూడడు. నేరుగా కలుజు దగ్గరికి నడుస్తాడు.

కట్ట కింద కందకం తప్పనిసరా?

తప్పనిసరి. వంక అడుగున ఇసుక ఉంటుంది. దాని మీద కట్ట పెడితే నీరు కట్ట కిందుగా నడిచిపోతుంది. కట్ట నడిమి గీత వెంట, ఇసుక పోయి గట్టి బంకమట్టి తగిలే దాకా తవ్వి, రెండు అంచుల్లోని గట్టు నేలలోకి కూడా తీసుకుపోయి, అదే బంకమట్టితో పొరలు పొరలుగా దట్టించాలి. మాకు నాలుగున్నర అడుగులకు గట్టి నేల తగిలింది. అంతకుముందు కట్ట పడే చోటంతా గడ్డి, వేర్లు, మెత్తని పైమట్టి గీకి తీసేయాలి. ఆ పైమట్టిని పారేయకండి, చివర్లో కట్ట మీద కప్పితే గరిక త్వరగా పట్టుకుంటుంది.

జేసీబీతో తొక్కిస్తే చాలదా? రోలరు బాడుగ ఎక్కువ అడుగుతున్నారు.

మట్టి పొర మందం, చెమ్మ సరిగా లేకపోతే ఏ యంత్రమైనా ఒకటే. ఒక్కో పొర అర అడుగుకు మించకూడదు. మట్టిని గుప్పిట్లో పిసికితే ముద్ద కావాలి, వేలితో నొక్కితే రెండు మూడు ముక్కలుగా విరగాలి, చేతికి మాత్రం అంటకూడదు. పొడిగా ఉంటే ట్యాంకరుతో నీళ్ళు చల్లించి ఒక పూట ఆగండి. ఈ జాగ్రత్తతో మట్టి నింపిన ట్రాక్టరు ట్రక్కును అంగుళం వదలకుండా పదిసార్లు తిప్పినా చిన్న కట్టకు సరిపోతుంది. మూడు నాలుగడుగుల మట్టి ఒకేసారి పోసి పైన జేసీబీని ఊరేగిస్తే గట్టిపడేది పై అడుగే.

నీళ్ళు వదలడానికి అడుగున పైపు పెట్టాలా?

వన్యప్రాణుల కుంటకు వద్దనే చెబుతాను. మా మొదటి కట్ట పోయింది పైపు వల్లే. పని చేయించినతను పీవీసీ పైపును చివర్లో కట్ట తవ్వి పెట్టి, పైన మట్టి తోసేశాడు. పైపు కింది సగం చుట్టూ మట్టి గట్టిపడలేదు. నీళ్ళు పైపులోంచి కాక పైపు పక్క నుంచి దారి చేసుకున్నాయి. సాయంత్రం చూసిన చిన్న ధార తెల్లవారేసరికి ట్రాక్టరు పట్టేంత గండి. ఆ పొద్దున బురదలో పొర్లుతున్న చేపపిల్లలను ఇంట్లో అందరం చేటలతో ఎత్తి వంక మడుగులో వేశాం. పైపు తప్పదనుకుంటే గట్టి నేలలో, కట్ట లేవకముందే పెట్టి, దారిలో రెండు మూడు చోట్ల పైపు చుట్టూ కాంక్రీటు పలకలు పోసి నీటి దారిని అడ్డుకోవాలి.

## మొదటి వానలు

కట్ట బయటి వైపు పాదం దగ్గర తడి కనిపిస్తోంది. భయపడాలా?

తడి రంగు చూడండి. మట్టికట్ట అన్నాక కొంత ఊట ఉంటుంది. తేటగా, రోజూ ఒకే మాదిరిగా ఊరుతుంటే ప్రమాదం కాదు. ఊట పోయేందుకు చిన్న కాలువ తీసి, పాదం మీద ఇసుక, దాని మీద కంకర పరిస్తే చాలు. నీరు మడ్డిగా వస్తుంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టు. ఇది ఆగదు, పెరుగుతుంది. రోజూ ఒకే గాజుసీసాలో పట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. అడుగున మట్టి పేరుకుంటే ఆ రోజే నీటిమట్టం తగ్గించే పని మొదలుపెట్టాలి.

తుపాను రాత్రి కట్టకు బుంగ పడితే ఏం చేయాలి?

ముందు దిగువన ఇళ్ళున్నా, పశువుల పాకలున్నా వారికి ఫోను చేయండి. సిగ్గుపడి ఆలస్యం చేయకండి. రెండోది, బయటి వైపు రంధ్రాన్ని బంకమట్టితో మూయకండి. అందరూ చేసే పొరపాటు ఇదే. లోపల ఒత్తిడి పెరిగి పక్కన ఇంకోచోట పగులుతుంది. బుంగ చుట్టూ ఇసుక సంచులతో బావి ఒరలా గుండ్రంగా కట్టి, అందులో ముందు ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్ళు వేయండి. నీరు పోతుంది, మట్టి ఆగుతుంది. లోపలి వైపు నీటి మీద సుడి కనిపిస్తే, కట్ట మీద నుంచే బరువులు కట్టిన టార్పాలిన్ దించి, దాని మీద మట్టి సంచులు జార్చండి. నీళ్ళలోకి మాత్రం ఎవరూ దిగకూడదు, ఎంత ఈత వచ్చినా సరే. నీరు తగ్గించాలంటే కలుజు అవతలి గట్టి నేలలో కోయండి, కట్టను ఎన్నడూ కోయకండి. అక్టోబరు రాకముందే యాభై ఖాళీ సంచులు, రెండు ట్రక్కుల ఇసుక, ఒక టార్పాలిన్ కట్ట దగ్గర సిద్ధంగా ఉంచుకుంటే ఆ రాత్రి వెతుకులాట ఉండదు.

మొదటి ఏడాది నీళ్ళు నెలకే ఇంకిపోయాయి. కట్ట తప్పా?

చాలాసార్లు కాదు. ఎండిన నేల మొదట తాను తాగుతుంది. ఏటా వచ్చే సన్నని ఒండ్రు కుంట అడుగును మెల్లగా మూస్తుంది. మాకు మూడో ఏటికి నిలిచింది. తొందరుంటే ఎండిన అడుగు మీద నల్లమట్టి చల్లి, మందను రెండు వారాలు అక్కడ తోలండి. గొర్రెల గిట్టలు మంచి రోలరు.

## ఏటా చేసుకోవాల్సినవి

కట్ట మీద చెట్లు నాటితే గట్టిగా ఉంటుంది కదా?

గడ్డి గట్టిపరుస్తుంది, చెట్టు చీలుస్తుంది. చెట్టు బతికున్నంతకాలం వేర్లు కట్టలోకి దూరతాయి. చచ్చాక ఆ వేర్లు కుళ్ళి గొట్టాల్లా మిగులుతాయి. గాలివానకు చెట్టు పెళ్ళగిలితే కట్టలో బండెడు మట్టి దానితో పోతుంది. సర్కారు తుమ్మను మోకాలెత్తులో ఉన్నప్పుడే వేరుతో లాగేయండి. పెద్దదైపోతే నీళ్ళు తగ్గిన ఎండాకాలంలో కొట్టి, మొదలుతో సహా తవ్వి, ఆ గుంతను పొరలుగా దట్టించాలి. కట్టకు గరిక, నీటి అంచున వట్టివేరు వరుస చాలు. చెట్లు కావాలంటే కుంటకు ఎగువ వైపు నాటండి.

ఎండ్రకాయలు, పందికొక్కులు బొరియలు చేస్తున్నాయి. మందు పెట్టవచ్చా?

మందు వద్దు. విషం తిన్న పందికొక్కును గుడ్లగూబ తింటుంది, నక్క తింటుంది. ఎవరి కోసం కుంట కట్టామో వారే చచ్చిపోతారు. ఉడుమును పొరపాటున చంపినా నేరమే, వన్యప్రాణి రక్షణ చట్టంలో దానికి అత్యున్నత రక్షణ ఉంది. కట్టను గడ్డి కత్తిరించి పొట్టిగా ఉంచితే బొరియలు పైకి కనిపిస్తాయి, పందికొక్కులూ జంకుతాయి. లోపల ఏదీ లేదని తేల్చుకున్నాక బంకమట్టిని జావలా కలిపి, బొరియ ఇక తాగనంత వరకు పోసి మూయండి. మళ్ళీ మళ్ళీ అక్కడే తవ్వుతుంటే ఇనుప వల పరిచి పైన మట్టి కప్పండి.

కట్ట మీద పుట్ట లేచింది. ఊరి ఆడవాళ్ళు నాగులచవితికి పాలు పోస్తున్నారు. తీయవచ్చా?

చెదల పుట్ట కింద కట్టంతా గుల్ల. నిండు కుంటలో ఆ సందుల వెంట నీరు సులువుగా దూరుతుంది, కాబట్టి వదిలేయలేం. కానీ ఒకరి మొక్కు మీద పలుగు వేయకూడదు. మేం ఊరి పెద్దమ్మలకు కట్ట సంగతి వివరించి, కుంటకు ఎగువనున్న వేరే పుట్ట దగ్గర చోటు బాగుచేసి ఇచ్చాం. ఒక చవితి అక్కడ జరిగాక ఎండాకాలంలో కట్ట మీది దాన్ని తవ్వి దట్టించాం. అందరూ ఒప్పుకున్నారు. పుట్ట మోచేతి ఎత్తుకు రాకముందే చూసుకుంటే ఇంత దూరం రాదు.

వేసవిలో కట్ట పగుళ్ళిచ్చింది. పైన మట్టి పోస్తే చాలా?

కట్ట పొడవునా ఉన్న సన్నని పగుళ్ళు సాధారణంగా ఎండవి. అడ్డంగా, నీటి వైపు నుంచి బయటి వైపుకు పోయే పగులు ఎంత సన్నదైనా నీటికి దారే. పగులు వెంట దాని అడుగు కనిపించేదాకా కాలువలా తవ్వి, చెమ్మ మట్టితో పొరలుగా దట్టించాలి. పైపైన పూడ్చితే మూసినట్టు కనిపిస్తుంది, అంతే.

## నీటికి వచ్చేవారు

పక్షులు రావాలంటే ఏం చేయాలి?

నేలపట్టు చూసినవారు గూడబాతులు మన కుంటకూ వస్తాయని ఆశిస్తారు. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్న ఆ చెరువులో అవి నీళ్ళలో నిలిచే కడప అనే చెట్ల మీద గూళ్ళు పెడతాయి, మేతకు పులికాట్ సరస్సు దగ్గర. అది 1976 నుంచి రక్షిత కేంద్రం. అంతకంటే ముందునుంచీ ఆ ఊళ్ళవారు పక్షులను కాచుకున్నారు. చిన్న కుంటకు వచ్చేవి వేరు: బుడుబుంగ, నీటికోడి, లకుముకి, తీతువు, తెల్లకొంగలు. వాటికి కావలసింది వాలు. కట్ట లేని మూడు వైపులా ఒక అడుగు లోతుకు ఆరు నుంచి పది అడుగులు నడిచేంత పల్చని అంచు ఉంచండి. జనవరి తర్వాత నీరు వెనక్కి తగ్గేకొద్దీ రోజూ కొత్త బురద బయటపడుతుంది, ఆ బురదే మేత. నీళ్ళ నడుమ ఒక మట్టిదిబ్బ, ఒకటి రెండు ఎండుమానులు చాలు. జమ్మును పూర్తిగా పీకేయకండి, మూడో వంతు వదలండి. గూళ్ళ కాలంలో యంత్రం దించకండి. మాకు పూడిక, మరమ్మతు అన్నీ మే నుంచి ఆగస్టు లోపలే.

చేపపిల్లలు వదలవచ్చా?

అక్కర్లేదు. వరదకు పరకలు, కొరమీనులు వాటంతటవే ఎక్కి వస్తాయి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకం మన దేశంలో నిషిద్ధం. ఒక్కటి దూరినా కప్పలను, పక్షిపిల్లలను కూడా మింగుతుంది. దోమల కోసమని ఏ చేపా తేవద్దు. తూనీగ పిల్లలు, నీటి పురుగులు ఉన్న కుంటలో దోమలు నిలవవు.

మేకలు, గేదెలు వస్తే రానివ్వాలా?

ఊరితో శత్రుత్వం పెట్టుకుని కుంట బతకదు. కట్ట ఎక్కకుండా కంచె వేసి, ఎగువన ఒకేచోట రాళ్ళు పరిచి పశువుల రేవు పెట్టండి. పగలు వాటికి, చీకటి పడ్డాక అడవికి అని మా ఊళ్ళో మాట అనుకున్నాం. చాలావరకు నిలబడింది.

చుట్టూ నీళ్ళు లేని చోట కుంట కడితే వేటగాళ్ళకు దారి చూపించినట్టు కాదా?

ఈ ప్రశ్న నన్ను కట్ట కంటే ఎక్కువ కలవరపెట్టింది. అవును, ఏప్రిల్‌లో అన్ని అడుగులూ ఒకే నీటికి దారి తీస్తాయి, ఉచ్చులు పెట్టేవారికి అది తెలుసు. కాపలా లేకుండా కుంట కట్టకండి. నీటికి వచ్చే బాటలు ఒకటి కాదు, నాలుగైదు ఉండేలా చుట్టూ కంపలు కొట్టి ఉంచండి. మార్చి నుంచి జూన్ దాకా తెల్లవారకముందు ఎవరో ఒకరు ఆ బాటలన్నీ నడవాలి. కొత్తగా విరిచిన కొమ్మ, నేలకు జానెడెత్తున మెరిసే బైండింగు వైరు, కంచె నుంచి లాగిన కరెంటు తీగ కనిపిస్తుందేమో చూడాలి. ఉచ్చు కనిపిస్తే ఫొటో తీసి అటవీ శాఖ బీటు అధికారికి చెప్పండి. తీగలో కరెంటు ఉందనిపిస్తే ముట్టకండి, ముందు విద్యుత్ సిబ్బందిని పిలవండి. మా ఇంట్లో ఆ నడక వంతులవారీగా సాగుతోంది. ఈ వేసవిలో పొద్దున నాలుగున్నరకు నా వంతు.